పాత ఫోర్ బై ఫోర్ కొన్నాను: డ్యాష్ లైట్లు, బ్యాటరీ డౌన్, స్టీరింగ్ ఊపు. దేంతో మొదలుపెట్టాలి?

బురదబండి:
అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ ఫోర్ బై ఫోర్ ఒకటి తీసుకున్నాను. లాడర్ ఫ్రేమ్ (బాడీ కింద విడిగా ఉండే నిచ్చెనలాంటి చట్రం), ముందు కూడా సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు), పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయి). పాత ఓనర్ సస్పెన్షన్ లేపించి, బంపర్‌కి లైట్ బార్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బిగించుకున్నాడు. కొనేటప్పుడు నడిపి చూస్తే బాగానే ఉంది. ఇప్పుడు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

రాత్రిపూట హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసి ఎక్కడైనా ఆగితే ఏబీఎస్ లైటు, ఫోర్ వీల్ లైటు రెండూ కలిసి వెలుగుతాయి. కొంచెం రేస్ ఇస్తే పోతాయి. వారం తీయకుండా ఉంచితే సెల్ఫ్ తిరగదు, టక్కుమని ఊరుకుంటుంది. 70 స్పీడులో గుంటలో పడితే స్టీరింగ్ పిచ్చిగా ఊగుతుంది, బండి దాదాపు ఆగేదాకా తగ్గదు. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చినప్పుడు కింద ఠంగుమని శబ్దం కూడా ఉంది.

స్కానర్ పెట్టిస్తే ఏబీఎస్, ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్ అన్నిట్లోనూ కోడ్‌లు చూపించింది. ఏబీఎస్ మాడ్యూల్ (దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, మార్చాలి అంటున్నారు. మార్పించమంటారా?

పాతస్పానర్:
మాడ్యూల్ జోలికి వెళ్ళకండి. కనీసం ఇప్పుడే వద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మాడ్యూళ్ళన్నీ ఒకేసారి కోడ్‌లు ఇచ్చాయంటే అన్నీ ఒకేసారి చెడిపోవడం కాదు, వాటికి కరెంటు సరిగ్గా అందట్లేదని. పైగా రేస్ ఇస్తే లైట్లు పోతున్నాయని మీరే రాశారు. సగం జవాబు అందులోనే ఉంది.

మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజిన్ ఆన్‌లో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్‌కి (బ్యాటరీని ఛార్జ్ చేసేదానికి) ఢోకా లేదు. ఇక్కడిదాకా ఏ షెడ్డులోనైనా చూస్తారు, అసలు చూడాల్సింది దీని తర్వాత. ఇంజిన్ ఆన్ చేసి హెడ్‌లైట్లు, బ్లోవర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేయండి. మీటర్ నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టండి, క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీదే. ఎర్ర ముల్లు బాడీకి, పెయింట్ లేని బోల్టు మీద. 0.1 వోల్టు లోపు వస్తే మంచిది. 0.5 దాటితే దొంగ దొరికినట్టే, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి) బాగాలేదు. తర్వాత ఎర్ర ముల్లు ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని అదే కొలత చూడండి.

లాడర్ ఫ్రేమ్ బండిలో బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కదా. బాడీకి ఎర్త్ అంటే సన్నటి అల్లిక పట్టీయే దిక్కు. బురదలో తిరిగిన బండిలో ఆ పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు కింద మాత్రం తుప్పు పడుతుంది. బోల్టు తీసి ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, ఆ పైన గ్రీజు రాయండి.

బ్యాటరీ దిగిపోవడం వేరే జబ్బు. నెగటివ్ కేబుల్ విప్పి, మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌కి మార్చి, పోస్టుకీ కేబుల్‌కీ మధ్య పెట్టండి. తలుపు లాచ్‌ని స్క్రూ డ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేస్తే మీరు లోపల చెయ్యి పెట్టుకోవచ్చు. అరగంట ఆగండి, మాడ్యూళ్ళు నిద్రపోవాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే ఫర్వాలేదు. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. ఎక్కువ వస్తే ఫ్యూజులు పీకొద్దు. పీకి పెడితే నిద్రపోయినవన్నీ మళ్ళీ లేస్తాయి. ఫ్యూజు నెత్తిన రెండు చుక్కల్లా లోహం కనిపిస్తుంది, అక్కడ మిల్లీవోల్టులు చూడండి. సున్నా రాని ఫ్యూజులోంచి కరెంటు పోతున్నట్టు. లైట్ బార్ లాంటివి నేరుగా బ్యాటరీ నుంచి లాగేస్తారు కాబట్టి ఫ్యూజు బాక్సులో దొరకవు. ముందు వాటిని విప్పి చూడండి.

గుంటలదారి:
కరెంటు సంగతి పాతస్పానర్ గారు చెప్పేశారు. ఆ స్టీరింగ్ ఊపు సంగతి తేలేదాకా దయచేసి స్పీడు వెళ్ళకండి. కింద దూరి చూడండి, స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే షాక్ అబ్జార్బర్) ఒక్కటే కొత్తగా మెరుస్తోందా? అయితే పాత ఓనర్‌కి ఈ ఊపు ముందే తెలుసు. డ్యాంపర్ రోగాన్ని దాస్తుంది, పోగొట్టదు.

బండిని జాకీ మీద ఎత్తకుండా, బరువు చక్రాల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరిని స్టీరింగ్ ఎడమకీ కుడికీ చిన్నగా తిప్పుతూ ఉండమనండి. మీరు పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరక్కుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కడ్డీ) రెండు చివర్ల దగ్గర చూస్తూ ఉండండి. బ్రాకెట్ కదలకుండా రాడ్ కదిలితే అక్కడే ప్లే, అంటే వదులు. బుష్ మార్చాక కూడా ఆడుతుంటే బోల్టు బెజ్జం కోలగా అరిగిపోయిందేమో చూడాలి. అది వెల్డింగ్ పని. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్, బాల్ జాయింట్ తెలుస్తాయి. పక్కలకి ఊపితే టై రాడ్ ఎండ్లు. సస్పెన్షన్ లేపారన్నారు కదా, దాంతో కాస్టర్ కోణం (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. అలైన్‌మెంట్‌లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే చూసి పంపేయకుండా కాస్టర్ కూడా చూడమనండి.

బురదబండి:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. బాడీ ఎర్త్ దగ్గర 0.8 వచ్చింది! తుప్పు నివారణకని అడుగున నల్ల కోటింగ్ కొట్టించి, పట్టీని ఆ కోటింగ్ మీదే బిగించేశారు. గీకి పెడితే 0.04కి దిగింది. అన్నీ వేసినా లైట్లు రావట్లేదు, కోడ్‌లు చెరిపాక మళ్ళీ పడలేదు.

డ్రెయిన్ (బండి ఆపి ఉన్నప్పుడు పోయే కరెంటు) 0.19 ఆంపియర్లు చూపించింది. డ్యాష్ కింద చెయ్యి పెడితే లైట్ బార్ రిలే (కాయిల్‌తో పనిచేసే కరెంటు స్విచ్) వెచ్చగా తగిలింది, రాత్రంతా ఆపి ఉంచిన బండిలో! లైట్లు వెలగట్లేదు గానీ దాని కాయిల్‌కి కరెంటు ఎప్పుడూ పోతూనే ఉంది. పీకితే 0.04 అయింది. డ్యాంపర్ కూడా మీరన్నట్టే కొత్తదండీ. పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్ వైపు బుష్ చీలిపోయి ఉంది, ఆర్డర్ పెట్టాను.

ఇక మిగిలింది ఆ ఠంగు శబ్దం. ఇంకోటి, ఫోర్ వీల్ వేసి రోడ్డు మీద మలుపు తిప్పితే బండి పట్టేసినట్టు గుంజుతోంది. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ లెవల్ చూద్దామని బోల్టు విప్పితే తెల్లగా, మజ్జిగలా వచ్చింది.

పాతస్పానర్:
0.19 అంటే వారంలో దాదాపు 32 ఆంపియర్ అవర్లు. పాత బ్యాటరీతో డీజిల్ ఇంజిన్ ఇంకేం తిరుగుతుంది! రిలే కాయిల్ వైరుని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోట కలపండి. లైట్ బార్ మెయిన్ వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉందా లేదా చూడండి. ఇలా వైరింగ్ చేసినవాడు అది పెట్టి ఉంటాడని నాకు నమ్మకం లేదు.

పొడి తారు రోడ్డు మీద గుంజడం పార్ట్ టైమ్ బండికి సహజం. ముందూ వెనకా షాఫ్టులు లాక్ అయిపోతాయి, మలుపులో తేడా సర్దడానికి మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. జారే నేల మీదే వేయండి. లీవర్ పట్టేసి రాకపోతే కాస్త వెనక్కి నడిపితే వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకేలా అరిగినవి అయి ఉండాలి.

శబ్దానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ వైపు నుంచి యాక్సిల్‌కి శక్తి తీసుకెళ్ళే పొడవాటి కడ్డీ) క్రాసులు, అంటే దాని చివర్ల మడత కీళ్ళు చూడండి. చక్రాలకి అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపి, షాఫ్టుని చేత్తో తిప్పండి. క్రాస్ కప్పు దగ్గర తుప్పు పొడి కనిపించినా, టిక్కుమన్నా మార్చేయడమే. స్లిప్ జాయింట్‌కి (షాఫ్టు పొడవు సర్దుకునేలా జారే అతుకుకి) గ్రీజు కొట్టాక తగ్గితే ఖర్చు మిగిలింది.

తెల్ల ఆయిల్ అంటే నీళ్ళు చేరాయి. వేడిగా ఉన్న హౌసింగ్ నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుపోతుంది. బ్రీదర్ (హౌసింగ్‌లోకి గాలి వచ్చిపోయే గొట్టం) మూసుకుపోతే ఆ లోటు తీరడానికి సీళ్ళ పక్కనుంచి నీళ్ళు లాగేస్తుంది. మొత్తం దింపి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ పోసి, కొన్నాళ్ళు తిప్పి మళ్ళీ దింపండి. దింపిన ఆయిల్‌లో ఇనుప రజను కనిపిస్తే బేరింగులు విప్పి చూడాలి. బ్రీదర్ గొట్టం బానెట్ లోపల పైదాకా పొడిగించండి. వెనక హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక షాఫ్టులకి శక్తి పంచే గేర్ పెట్టె) బోల్టులు కూడా విప్పి చూశారా?