1050 టీఐ గ్రాఫిక్స్ కార్డ్: లేటెస్ట్ డ్రైవర్ ఎక్కదు, షాపు డ్రైవర్‌తో గేమ్ రాదు. ఎవరైనా సాయం చేయండి

గాజువాక కుర్రోడు, రాత్రి 1:20
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఇంటర్ పరీక్షలు అయిపోగానే గేమ్ ఆడిస్తానని తమ్ముడికి మాటిచ్చాను. వాడు పక్కనే కుర్చీలో నిద్రపోయాడు. జీటీఎక్స్ 1050 టీఐ కార్డ్ వేశాను. చిప్ తయారుచేసే ఎన్విడియా సైట్‌లో లేటెస్ట్ డ్రైవర్ (కార్డుని విండోస్‌తో పని చేయించే ప్రోగ్రామ్) దించి వేస్తే, తగిన హార్డ్‌వేర్ కనిపించలేదని చెప్పి ఆగిపోతోంది. షాపులో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉన్న డ్రైవర్ వేస్తే డెస్క్‌టాప్, సినిమాలు బాగానే వస్తున్నాయి. గేమ్ నొక్కితే మాత్రం లోగో కనబడి మూసుకుపోతోంది. నాలుగుసార్లు తీసి వేశాను. ఇంకేం చేయాలో తోచడం లేదు.

ఎన్ఏడీ జంక్షన్, 1:26
ఏ గేమ్? ఏ విండోస్? ర్యామ్ ఎంత? ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంట్ ఇచ్చే పెట్టె) ఎన్ని వాట్లు? ఇవేమీ చెప్పకపోతే ఎవరూ సాయం చేయలేరు.

గాజువాక కుర్రోడు, 1:31
ఏ గేమ్ అయినా అంతే అన్నా, మూడు చూశాను. విండోస్ 10, ర్యామ్ 16 జీబీ, ఎస్ఎంపీఎస్ 450 వాట్లు.

పెందుర్తి పీసీ, 1:44
లేటెస్ట్ డ్రైవర్ మీ కార్డుకి రాదు తమ్ముడూ. 1050 టీఐ పాస్కల్ అనే చిప్ తరం కార్డు, 2016లో వచ్చింది. పాస్కల్‌కి, దాని ముందు తరం మాక్స్‌వెల్‌కి గేమ్ రెడీ డ్రైవర్లు, అంటే కొత్త గేమ్‌ల కోసం ఇచ్చేవి, 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. ఇక 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తారు. కాబట్టి 580 శ్రేణి డ్రైవర్ తీసుకోండి. వేసే ముందు పాతది శుభ్రంగా తీసేయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ కొడితే ముక్కలు మిగిలిపోతాయి. డీడీయూ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని, నెట్ కేబుల్ పీకేసి, సేఫ్ మోడ్‌లోకి (విండోస్ కనీస డ్రైవర్లతో తెరుచుకునే పద్ధతి) వెళ్లి అక్కడ రన్ చేయండి. నెట్ ఉంచితే, మీరు రీస్టార్ట్ చేసేలోపే విండోస్ తనకు తోచిన డ్రైవర్ ఎక్కించేస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

కంచరపాలెం, 1:50
అదంతా ఎందుకు, ఫార్మాట్ కొట్టేయండి. అరగంట పని.

పెందుర్తి పీసీ, 1:53
ఫార్మాట్ అంటే డిస్క్ చెరిపేయడం. మీరు చెప్పేది విండోస్ మళ్లీ వేసుకోవడం. రెండూ ఒకటి కాదు. ఆ మాట విని డి డ్రైవ్‌లో ఫొటోలన్నీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కంచరపాలెం, 1:55
మన దగ్గర అందరూ ఫార్మాట్ అనే అంటారు. అర్థమైతే చాలదా?

లాసన్స్‌బే నివాసి, ఉదయం 6:10
బాబూ, ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం? నేను ఇరవై ఏళ్లుగా బీచ్ దగ్గర ఉంటున్నాను. మన విశాఖలో కంప్యూటర్లకు మొదటి శత్రువు ఉప్పుగాలి. హుద్‌హుద్ అప్పుడు, అంటే 2014 అక్టోబర్ 12న, కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా తడిసింది. ఆ తర్వాత నా పీసీ విప్పి చూస్తే స్క్రూల తలలు పచ్చగా మారి ఉన్నాయి. కార్డ్ అడుగున బంగారు రంగు పళ్లు ఉంటాయి కదా, వాటి మీద కంటికి కనబడని పొర పడుతుంది. కరెంట్ తీసేసి, కార్డ్ బయటకు తీసి, పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దండి. పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. రాత్రంతా ఏసీ వేసి తెల్లారగానే కిటికీలు తెరిచే అలవాటు ఉంటే మానేయండి. బయటి తేమ చల్లటి లోహం మీద నీరై పడుతుంది.

ఎన్ఏడీ జంక్షన్, 6:40
డ్రైవర్ సమస్యకి రబ్బరు ఎందుకండీ?

లాసన్స్‌బే నివాసి, 6:48
కాంటాక్ట్ సరిగా లేకపోతే డ్రైవర్ కూడా తప్పులు చూపిస్తుంది. నా అనుభవంతో చెబుతున్నాను.

గాజువాక కుర్రోడు, 9:35
అందరూ చెప్పినవన్నీ చేశాను. సేఫ్ మోడ్‌లో డీడీయూ కొట్టి, నెట్ లేకుండా 580 వేశాను. సగంలో స్క్రీన్ నల్లబడింది, పది నిమిషాలు అలాగే ఉంది. బటన్ నొక్కి ఆపి ఆన్ చేస్తే అక్షరాలు పెద్దపెద్దగా వచ్చాయి. డివైస్ మేనేజర్‌లో పసుపు ముక్కోణం, కోడ్ 43, అంటే కార్డు తప్పు చూపిస్తోందని విండోస్ దాన్ని ఆపేసింది. సార్ చెప్పినట్టు పళ్లు కూడా తుడిచాను, మార్పు లేదు. మానిటర్ నీలం కేబుల్ స్క్రూలు విప్పడం, బిగించడం, ఇదే పనైపోయింది. చేతులు నొప్పెడుతున్నాయి.

డాబాగార్డెన్స్ రిపేర్, 9:41
ఆగండి. నీలం కేబుల్ అంటే వీజీఏనా? ఎక్కడ పెట్టారు, మదర్‌బోర్డుకా, కార్డుకా?

గాజువాక కుర్రోడు, 9:44
కార్డుకే. మానిటర్ పాతది, వీజీఏ ఒక్కటే ఉంది. కార్డుకి కూడా ఆ సాకెట్ ఉందని సంతోషించాను.

డాబాగార్డెన్స్ రిపేర్, 9:46
ఎస్ఎంపీఎస్ నుంచి కార్డుకి ఆరు పిన్నుల వైరు పెట్టారా? కార్డు ఎక్కడ కొన్నారు, ఎంతకి?

గాజువాక కుర్రోడు, 9:52
పెట్టాను, అది పెట్టకపోతే ఆన్ కావడం లేదు. ఇక్కడే ఒక షాపులో కొన్నాను, 3,500. రిఫర్బిష్డ్ అన్నారు. మొదట్లో ఇది చెప్పలేదు, డ్రైవర్‌కి దీనితో సంబంధం ఉందనుకోలేదు.

డాబాగార్డెన్స్ రిపేర్, 10:08
మీ తప్పేం లేదు బాబూ, ఇలాంటివి నా టేబుల్ మీదకు చాలా వచ్చాయి. పాస్కల్ చిప్‌కి సొంతంగా వీజీఏ సిగ్నల్ ఇచ్చే ఏర్పాటే లేదు. అసలు 1050 టీఐ 75 వాట్ల కార్డు, చాలా మోడళ్లకు స్లాట్ నుంచి వచ్చే కరెంటే సరిపోతుంది, ఆరు పిన్నుల వైరు అక్కర్లేదు. మీదాంట్లో రెండూ ఉన్నాయంటే లోపల వేరే చిప్ ఉందని నా అనుమానం. 2010లో వచ్చిన జీటీఎస్ 450 లాంటి ఫెర్మీ (పాస్కల్ కంటే చాలా పాత తరం) కార్డు బయోస్‌ను, అంటే కార్డు తన పేరు చెప్పుకునే లోపలి ప్రోగ్రామ్‌ను, మార్చి రాస్తారు. విండోస్ కార్డుని పేరు అడిగితే అది 1050 టీఐ అని చెప్పేస్తుంది. ఆ పేరు నమ్మి మీరు పాస్కల్ డ్రైవర్ వేస్తారు, కింద ఉన్న చిప్‌కి ఆ భాష రాదు. అందుకే స్క్రీన్ నల్లబడుతుంది, కోడ్ 43 వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది ఆ పాత చిప్ కోసం మార్చిన డ్రైవర్ అయి ఉంటుంది. దానితో సినిమా ఆడుతుంది, కొత్త గేమ్ ఆడదు. ఫెర్మీకి ఎన్విడియా డ్రైవర్లు 2018లోనే ఆగిపోయాయి, కొత్త గేమ్‌లు చాలా వాడే వల్కన్ అనే గ్రాఫిక్స్ ఏర్పాటు అసలే లేదు.
పెన్‌డ్రైవ్ డ్రైవర్ మళ్లీ వేసి, జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. నకిలీ ఎన్విడియా కార్డుల్ని అది 2018 నుంచి పట్టిస్తోంది. పేరు ముందు ఏముందో చూసి చెప్పండి.

గాజువాక కుర్రోడు, 10:40
పేరు ముందు బ్రాకెట్లలో ఫేక్ అని ఉంది. కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట ముక్కోణం, ఆశ్చర్యార్థకం. షేడర్లు (చిప్‌లో బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 192 అని చూపిస్తోంది.

పెందుర్తి పీసీ, 10:43
1050 టీఐకి 768 ఉండాలి. ఇక సందేహమే లేదు.

గాజువాక కుర్రోడు, 10:47
మూడు నెలలు పక్కన పెట్టిన డబ్బులు. ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

కంచరపాలెం, 10:55
రిఫర్బిష్డ్ అంటే ఇంతే. సెకండ్ హ్యాండ్‌కి ఇంగ్లీషు పేరు.

డాబాగార్డెన్స్ రిపేర్, 11:02
అలా అనకండి. పాడైనది బాగుచేసి, పరీక్షించి, వారంటీతో అమ్మితే రిఫర్బిష్డ్. వాడినది వాడినట్టు అమ్మితే సెకండ్ హ్యాండ్. ఒక కార్డుని ఇంకో కార్డు పేరుతో అమ్మితే మోసం. మూడూ ఒకటే అంటే, నిజాయతీగా బాగుచేసి అమ్ముకునే మాలాంటివాళ్ల బతుకేం కావాలి?

కంచరపాలెం, 11:06
కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుందండీ? పెట్టె మీద రాసి ఉండదు కదా.

లాసన్స్‌బే నివాసి, 11:15
పళ్లు తుడవడం వల్ల నష్టమేమీ లేదు. కొత్త కార్డు తెచ్చినా సిలికా జెల్ సంచి ఒకటి కేబినెట్ అడుగున పెట్టండి బాబూ.

ఎన్ఏడీ జంక్షన్, 11:20
షాపు పేరు చెప్పండి.

గాజువాక కుర్రోడు, 11:26
ఇప్పుడే వద్దన్నా. వాళ్లకి కూడా తెలియకుండా ఎవరో అంటగట్టి ఉండవచ్చు. ముందు వెళ్లి మాట్లాడతాను. బిల్లు లేదు, కానీ 1050 టీఐ అని వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంది.

డాబాగార్డెన్స్ రిపేర్, 11:33
ఆ మెసేజ్ తీసేయకండి. జీపీయూ-జెడ్ స్క్రీన్, కార్డ్ వెనక స్టిక్కర్, ఆ నీలం సాకెట్ ఫొటోలు తీసుకుని వెళ్లండి. అక్కడే వాళ్ల ముందు తెరిచి చూపించండి. గొంతు పెంచొద్దు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు వెనక్కి వస్తే, ఇంకో కార్డు కొనే ముందు దాన్ని నాకు చూపించండి.

గాజువాక కుర్రోడు, 12:10
సరే అన్నా, థాంక్స్. తమ్ముడూ నేనూ బయల్దేరుతున్నాం.

మద్దిలపాలెం కొత్త, సాయంత్రం 4:30
ఇదంతా చదివి భయమేసింది. నాది జీటీ 730. దానికి ఏ డ్రైవర్ వేయాలి?

పెందుర్తి పీసీ, 4:52
ఆ పేరుతో రెండు రకాలు వచ్చాయి, ఫెర్మీ ఒకటి, దాని తర్వాతి తరం కెప్లర్ ఒకటి. మీది ఏదో చూసి చెప్పండి.

లాసన్స్‌బే నివాసి, 5:05
మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం?