'కఫన్' కథ పేదోళ్ల మీద నిందా, నిజమా?

నర్సంపేట పంతులు:
పోయిన ఆదివారం హన్మకొండలో పది పన్నెండు మందిమి కూర్చుని హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' చదువుకున్నాం. ఆయన 1936లో పోయారు, ఇది చివరి రోజుల్లో రాసిన కథ. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఘీసు, మాధవ్ తండ్రీకొడుకులు. గుడిసె లోపల మాధవ్ భార్య బుధియా కాన్పు నొప్పులతో కొట్టుకుంటుంటే వీళ్లిద్దరూ బయట మంట దగ్గర ఆలుగడ్డలు కాల్చుకుని తింటుంటారు. తాను లోపలికి పోతే తండ్రి ఎక్కువ తినేస్తాడని మాధవ్ భయం. తెల్లారేసరికి ఆమె చచ్చిపోయి ఉంటుంది. శవం మీద కప్పే బట్టకని (కఫన్ అంటే అదే) ఊరంతా తిరిగి ఐదు రూపాయలు పోగుచేస్తారు, అందులో జమీందారువి రెండు. ఆ డబ్బుతో సారా దుకాణంలో పూరీలు, చేపలు తిని, తాగి పడిపోతారు.

చదవడం అయ్యాక ఒక కుర్రాడు లేచి ఇది పేదల్ని అవమానించే కథ, పిల్లలకు చెప్పొద్దన్నాడు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కష్టం మనిషిని ఎంత కిందికి దించుతుందో ఇంత నిర్దయగా చెప్పిన కథ ఇంకోటి నేను చదవలేదు. మీరేమంటారు?

జమ్మికుంట పత్తి:
ఆ తమ్ముడు అన్నదే రైటు సారూ. పేదోడు తాగితే కథ. ఉన్నోడు తాగితే ఫంక్షన్.

ములుగు మిర్చి:
అన్నా, సూపర్ చెప్పినవ్.

కాజీపేట జంక్షన్:
ఒక్క విషయం. ఘీసు ఒక రోజు పనిచేస్తే మూడు రోజులు పడుకుంటాడని కథలోనే ఉంది. ఆలుగడ్డలు కూడా వేరేవాళ్ల చేనులోంచి తవ్వుకొచ్చినవే. దొంగను దొంగ అని రాస్తే అవమానం ఎట్లా అవుతుంది?

నర్సంపేట పంతులు:
జంక్షన్ గారూ, ఆ తర్వాతి పేరా కూడా చదవండి. రాత్రింబవళ్లు చెమటోడ్చే రైతుల బతుకే వీళ్లకంటే పెద్ద మెరుగ్గా లేని చోట ఇలాంటి బుద్ధి పుట్టడంలో వింతేముంది అంటాడు ప్రేమ్‌చంద్. ఆ రైతులకంటే ఘీసే తెలివైనవాడని కూడా అంటాడు. అంటే తిట్టింది ఘీసును కాదు, కష్టపడి ప్రయోజనం లేకుండా చేసిన లోకాన్ని.

జమ్మికుంట పత్తి:
అట్లయితే మొదట్లోనే వాళ్ల కులం పేరు చెప్పి, ఊర్లో చెడ్డపేరున్న కుటుంబమని ఎందుకు రాసినట్టు? దళిత విమర్శకులు అడిగింది అదే కదా. లోకాన్ని తిట్టడానికి చెప్పులు కుట్టే కులమోడే దొరికాడా? రెండు రూపాయలు పడేసిన జమీందారు రాత్రి ఏం తాగాడో ఒక్క లైను లేదు.

కాజీపేట జంక్షన్:
అంటే ఆలుగడ్డలు దొంగిలించింది నిజమే అని ఒప్పుకున్నట్టేనా?

లష్కర్‌బజార్:
జంక్షనన్నకు ఆలుగడ్డల మీద అంత మోజేందో.

కరీమాబాద్ అక్క:
ఇంతసేపూ ఇద్దరు మగవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. బుధియా వచ్చాకే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. పిండి విసిరి, గడ్డి కోసి, సేరు పిండి సంపాదించి వీళ్లిద్దరి కడుపు నింపింది. అదే పేదరికం, అదే గుడిసె, అదే ఆకలి. ఆమె ఎందుకు దిగజారలేదు? కష్టం మనుషుల్ని చెడగొడుతుందని సూత్రం చెప్పే ముందు ఆమెను కూడా లెక్కలోకి తీసుకోండి సార్.

నర్సంపేట పంతులు:
మంచి మాట అమ్మా. ఆలోచిస్తాను. కానీ పత్తి గారి వాదన నాకు ఎక్కడం లేదు. సాహిత్యం పేదోళ్ల తప్పులే చూపిస్తుందనడం అన్యాయం. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' ఉంది. తాగేవాడి కంటే తాగుడు మీద బతికే పోలీసులు, వకీళ్లు, కోర్టు ఎలా ఉంటాయో అందులో ఉంది.

జమ్మికుంట పత్తి:
ఆయన స్వయంగా వకీలు సారూ. కోర్టు లోపల కూర్చుని చూసి రాశాడు. బయట రోడ్డు మీద నిలబడి చూసినోళ్లు వేరే రాస్తారు. ఇంకో సంగతి. గిరీశం మన దగ్గర ఎంత ముద్దు? విధవను మోసం చేస్తాడు, పూటకూళ్లమ్మ డబ్బు కాజేస్తాడు, అయినా 'కన్యాశుల్కం' వేస్తే హాలంతా నవ్వుతుంది, ఎందుకంటే ఇంగ్లీషు మాట్లాడతాడు. ఘీసు ఐదు రూపాయలు తాగితే మాత్రం మానవ స్వభావం అంటారు. గిరీశానిది మానవ స్వభావం కాదా?

కాజీపేట జంక్షన్:
గిరీశం ఆలుగడ్డలు దొంగిలించలేదు.

లష్కర్‌బజార్:
ఇగ మొదలైంది.

నర్సంపేట పంతులు:
పత్తి గారూ, మీకు సాహిత్యం మీద కోపమా, నా మీద కోపమా? నేను ముప్పై ఏళ్లు పల్లెల్లో పాఠాలు చెప్పాను. తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లను కళ్లారా చూశాను. నిజం చెప్తే పేదల ద్రోహి అంటే, ఇక ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. పేదరికం ఒక సర్టిఫికెట్ కాదు.

జమ్మికుంట పత్తి:
మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా. మీరు నన్ను గుర్తుపట్టలేదు. నేను మిమ్మల్ని గుర్తుపట్టాను. కొన్నేళ్ల కింద ఒక ఆదివారం సంచికలో మీ కథ వచ్చింది. పత్తి రైతు పురుగుమందు తాగి చచ్చిపోతాడు, అదే సాయంత్రం వాడి తమ్ముడు, ఊరోళ్లు ఇచ్చిన చందా డబ్బుతో తాగుతూ కూర్చుంటాడు. చివరి వాక్యంలో వాడు గ్లాసులో తన మొహం చూసుకుంటాడు.

ఆ రైతు మా బాపు. 2005లో. ఆ తమ్ముడు మా చిన్నాయన. అప్పుడు మీరు మా ఊరి బడిలో సారు.

మీరు రోడ్డు మీద నుంచి చూశారు. లోపల ఏమైందో చెప్తా. మా దిక్కు చావు అయితే డప్పు కొట్టినోళ్లకు, పాడె మోసినోళ్లకు, కాటి దగ్గర పనిచేసినోళ్లకు మందు పోయాలి. పోయకపోతే ఊర్లో మాట పడతాం. చందా డబ్బులో ఎంత దానికి పక్కన పెట్టాలో పెద్దమనుషులే చెప్పారు. చిన్నాయన పోయింది వాళ్ల కోసం సీసాలు తేవడానికి. అక్కడ కూర్చుని తాను కూడా తాగాడు. కాదనను. తెల్లారి గట్ల మా ఇంటి ముందు వాంతులు చేసుకుని ఏడ్చాడు. అది మీ కథలో లేదు.

ఇంకోటి కూడా లేదు. అప్పట్లో సర్కారు ఇచ్చేది లక్షన్నర, అందులో యాభై వేలు అప్పులోళ్లకు. తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయ అధికారి రిపోర్టు రాయాలి, అది ఆర్డీవో దాకా పోవాలి. ఆ ఫైలు కదలడానికి ఒక సారు ఎనిమిది వేలు తీసుకున్నాడు. నేను చూస్తుండగానే అమ్మ చెవుల కమ్మలు అమ్మి ఇచ్చింది. ఆ సారు డబ్బు లెక్కపెట్టి, మంచి మనిషే కావొచ్చు, నాకు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడు. మోనాకో. ఉప్పగా ఉండే బిస్కెట్టు. ఆయన మీద కథ ఎవరు రాస్తారు?

ములుగు మిర్చి:
అన్నా...

కరీమాబాద్ అక్క:
తమ్మీ, మనసు కలుక్కుమంది.

నర్సంపేట పంతులు:
ఆలస్యంగా రాస్తున్నాను. రెండు రోజులు ఇటువైపు రాలేదు. ఆ కథ బీరువాలోంచి తీసి చదివాను. మీరు చెప్పింది నిజం, నేను రోడ్డు మీదే ఉన్నాను. సైకిల్ కూడా దిగలేదు. ఆ మందు ఎవరి కోసమో తెలియదు, అడగాలని కూడా అనిపించలేదు. అడిగి ఉంటే కథ వచ్చేది కాదేమో అన్న అనుమానం ఇప్పుడు పీకుతోంది.

కానీ ఒక్క మాట కోసం మీతో ఇంకా పోట్లాడతాను. ఆ ఎనిమిది వేల సారును రాయమంటే, బిస్కెట్ ఇచ్చిన చేతిని కూడా రాయాల్సి వస్తుంది. అది రాస్తే మీకు కోపం రాదా?

జమ్మికుంట పత్తి:
వస్తుంది. అయినా రాయండి. అందులో మా అమ్మను మాత్రం మర్చిపోకండి, అక్క చెప్పినట్టు.

కాజీపేట జంక్షన్:
సారీ తమ్మీ, తెలియక వాగాను.
ఆలుగడ్డల సంగతి వదిలేస్తున్నా.

లష్కర్‌బజార్:
రాసి పెట్టుకోండి, రేపటికి మళ్లీ మొదలుపెడతాడు.