అప్‌డేట్: చెల్లికి పాప పుట్టింది, పేస్‌మేకర్ పెట్టారు

మా చెల్లి కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 58 సార్లే కొట్టుకుంటోందని, మామూలుగా 110 నుంచి 160 ఉండాలట, ఏం చేయాలని ఐదో నెలలో అడిగాను కదా. సిజేరియన్‌తో పాప పుట్టింది.

మీలో ఒకరు అనుమానించినట్టే చెల్లికి యాంటీ-రో (సొంత కణాల మీదే పనిచేసే ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బు) లేదు, కళ్లు కాస్త పొడిబారతాయి, అంతే. ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి, బిడ్డ గుండెలో పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్ సంకేతం అందించే కణజాలాన్ని దెబ్బతీస్తాయి. అక్కడ మచ్చ కట్టాక పూర్తి బ్లాక్, అంటే సంకేతం కిందికి అసలు అందకపోవడం, ఇక నయం కాదు. (గ్రహణం రోజు బయటికొచ్చిందని మా పెద్దమ్మ ఇంకా అంటూనే ఉంది, అది వేరే గొడవ.)

పుట్టాక పాప గుండె వేగం 50కి పడింది, అందుకే విద్యుత్ సంకేతాలతో గుండెను కొట్టించే పేస్‌మేకర్ పెట్టారు. రక్తనాళాలు మరీ సన్నం కాబట్టి వైరును గుండె బయటివైపు కుట్టి, బ్యాటరీని పొట్ట గోడలో పెట్టారు. అది అయిపోయినప్పుడల్లా మార్చాలి. పాలు బాగా తాగుతోంది.

ఇక మా టెన్షన్ రెండో బిడ్డ గురించి. ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లలో బిడ్డకు ఈ బ్లాక్ వచ్చే ముప్పు మొదటిసారి 100లో 1-2, ఒకసారి వచ్చాక సుమారు 18. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందును గర్భం 10వ వారంలోపు మొదలుపెడితే, మళ్లీ వచ్చే ఆ ముప్పు సగానికి పైగా తగ్గిందని 2020లో ఒక అధ్యయనం వచ్చింది. చెల్లిని రుమటాలజిస్టుకు (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే డాక్టరుకు) చూపిస్తున్నాం.

పరీక్ష చేయించుకునేవాళ్లు యాంటీ-రో అనే అడగండి, ఏఎన్ఏ (ఇలాంటి యాంటీబాడీల కోసం మామూలుగా ముందు చేసే రక్తపరీక్ష) నెగటివ్ ఉన్నా ఇది పాజిటివ్ రావచ్చు.