హార్మోనియంలో గాలి నిలవడం లేదు: తిత్తికి తోలు వేయాలా, గుడ్డ వేయాలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
మా వీధి భజన మందిరంలోని పాత చేతి హార్మోనియంలో లోగడ తిత్తి నిండితే ఒక పద్యపాదం సాగేంత గాలి నిలిచేది. ఇప్పుడు రాగం ఎత్తుకునేలోగానే ఖాళీ అవుతోంది. బయటి తిత్తి మూలల్లో తోలు పొడిగా రాలుతోంది కనుక దానిని విప్పి కొత్తది అంటించాలనుకుంటున్నాం. మేకతోలు మేలా, రబ్బరు పూత గుడ్డ మేలా? వడ్రంగులు వాడే తెల్ల జిగురు సరిపోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (రాయగడ నుంచి)
అయ్యా, బయటి తిత్తి పాడైతే గాలి నింపడానికి ఎక్కువసార్లు ఊపవలసి వస్తుందే గాని, నిండిన గాలి నిలవకపోవడం దాని దోషం కాదు. గాలిని నిలిపేది స్ప్రింగుల మీద ఆనుకొని ఉండే లోపలి తిత్తి. స్టాపర్లన్నీ (గాలి దారిని తెరిచి మూసే ముందువైపు గుబ్బలు) మూసి, మెట్టు ఏదీ నొక్కకుండా దానిని నింపి చూడండి. అప్పుడు కూడా వెంటనే ఖాళీ అయితే ఆ తిత్తినో, రెండు తిత్తుల మధ్య ఉండే తోలు కవాటాన్నో, స్టాపర్ల మెత్తలనో అనుమానించాలి. స్టాపర్లు తెరిచినప్పుడే పోతుంటే మెట్ల కింది మెత్తలనూ, రీడ్ల (గాలికి కంపించి స్వరం పలికే లోహపు రేకుల) పలక అంచులనూ చూడాలి. ఇది తేలకుండా తోలు కొంటే డబ్బు కూడా గాలికే పోతుంది.

జవాబు (బరంపురం నుంచి)
పై మాటతో ఏకీభవిస్తూ జిగురు సంగతి చెబుతాను. ఇందుకు ప్లేయర్ పియానోను, అంటే తనంతట తానే వాయించే పియానోను, ఉదాహరణగా తీసుకోండి. దానిలో తిత్తులు గాలిని ఊదవు, పీల్చుకుంటాయి. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క చిన్న తిత్తి ఉంటుంది, వాటికి వేసే రబ్బరు గుడ్డ కొన్ని దశాబ్దాలకు బిగుసుకొని పగులుతుంది. అంటే ఏదో ఒకనాడు మళ్లీ విప్పక తప్పదు. అందుకే వాటిని బాగుచేసేవారిలో చాలామంది వేడికీ తడికీ ఊడివచ్చే పశుచర్మపు జిగురునే ఇష్టపడతారు. తెల్ల జిగురు చెక్కలోకి ఇంకిపోతే తరువాత వేసే జిగురు సరిగా పట్టదు. చర్మపు జిగురుకు ఎలుకలు, బొద్దింకలు చేరుతాయన్నది నిజమే; అయినా నా ఓటు దానికే. మీ హార్మోనియం తిత్తి మూలలు అనేక దిక్కులకు మడతపడాలి కాబట్టి అక్కడ పలుచని మేకతోలు, నిడుపు మడతలకు గుడ్డ వేయండి. విప్పే ముందు తిత్తి మడతల్లోని అట్టలకు అంకెలు వేసుకోండి. మడత గీత మీద మాత్రం జిగురు పడనివ్వకండి, పడితే అక్కడే పగులుతుంది.

ప్రశ్న అడిగినవారు
స్టాపర్లు మూసి చూశాం, అయినా గాలి పోతోంది. విప్పి చూస్తే కవాటపు తోలు ఒక అంచున మెలితిరిగి ఉంది. దానినే ముందు మారుస్తాం. మూలల పని ఆ తరువాత.