ఛార్జర్ పెడితే నత్తనడక, తీస్తే మామూలు స్పీడు: మదర్‌బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న

నాలుగేళ్ల నాటి 15 అంగుళాల ల్యాప్‌టాప్ అండి. ఇంటెల్ ఐ5, 65 వాట్ల ఛార్జర్, మధ్యలో సన్న పిన్ను ఉండే గుండ్రటి ప్లగ్గు. వారం నుంచి ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియట్లేదని మెసేజ్ వస్తోంది. ఎఫ్1 నొక్కితే విండోస్‌లోకి వెళ్తుంది గానీ, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ స్పీడు 0.39 గిగాహెర్ట్జ్ దాటదు. బ్రౌజర్ తెరవడానికే రెండు నిమిషాలు. బ్యాటరీ 42 శాతం దగ్గర ఆగిపోయి 'ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్' అంటోంది. ఛార్జర్ పీకేస్తే స్పీడు వెంటనే మామూలైపోతుంది.

విండోస్ మళ్లీ వేశాను, ర్యామ్ తీసి పెట్టాను, తేడా లేదు. మల్టీమీటర్‌తో చూస్తే ఛార్జర్‌లో 19.5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారు. నిజంగా అంతదాకా వెళ్లాలా?

సర్వీస్ బెంచ్

బోర్డు జోలికి ఇప్పుడే పోకండి. ఛార్జర్ తీస్తే స్పీడు వస్తోందన్నారు చూడండి, ఆ ఆధారం పట్టుకుంటే చాలు. ర్యామ్, డిస్కు, విండోస్ వీటిలో ఏది పాడైనా బ్యాటరీ మీద కూడా ఇలాగే ఏడిపించేది.

ఆ ప్లగ్గులో మూడు దారులుంటాయి. బయటి గొట్టం నెగెటివ్, దాని లోపలి గోడ 19.5 వోల్టుల పాజిటివ్, నట్టనడుమ సూది లాంటిది ఐడీ పిన్ను. డెల్ తరహా ఛార్జర్లలో ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. తాను 45 వాట్లో, 65 వాట్లో, 90 వాట్లో ఆ ఒక్క పిన్ను ద్వారానే ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ మాట అందకపోతే ల్యాప్‌టాప్ అనుమానపడుతుంది. తక్కువ వాట్ల ఛార్జర్ పెట్టారేమో, ఎక్కువ కరెంటు లాగితే అది కాలిపోతుందేమో అని బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్‌ని అట్టడుగు స్పీడుకి కట్టేస్తుంది. మీరు చూసిన 19.5 వోల్టులు వేరే తీగ మీద వచ్చేవి. ఐడీ తీగ తెగిపోయినా ఆ రీడింగ్ మారదు.

ముందు ఛార్జర్‌ని గోడ సాకెట్ నుంచి తీసి, దాని లైటు పూర్తిగా ఆరాక ప్లగ్గులోకి టార్చి వేసి చూడండి. సూది నిటారుగా సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకి ఒరిగి ఉంటే సన్న ట్వీజర్‌తో మెల్లగా నిలబెట్టొచ్చు. విరిగితే ఛార్జర్ మార్చాల్సిందే. సూది బాగుంటే ప్లగ్గు మొదట్లో, రబ్బరు మెడ దగ్గర తీగని నాలుగు దిక్కులకీ కొద్దిగా వంచి, ఒక్కో భంగిమలో పట్టుకుని ప్లగ్ చేసి చూడండి. ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ మొదలైతే తెగింది అక్కడే. ఛార్జర్ చుట్టూ తీగని బిగించి చుడితే ముందు తెగేది ఈ సన్న ఐడీ తీగే.

బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్‌లో) అడాప్టర్ వార్నింగ్స్ ఆఫ్ చేస్తే సరిపోతుందని కొందరంటారు. పోయేది మెసేజ్ మాత్రమే, జబ్బు అలాగే ఉంటుంది.

టెక్ నోట్స్

త్రాటిల్‌స్టాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'బీడీ ప్రాచాట్' (స్పీడు తగ్గించమని బోర్డు ప్రాసెసర్‌కి పంపే సంకేతం) టిక్ తీసేయండి, స్పీడు అక్కడికక్కడే లేస్తుంది.

సర్వీస్ బెంచ్

లేస్తుంది. జబ్బు ఇదేనని తేల్చుకోవడానికి ఆ టిక్ మంచి పరీక్ష కూడా. కొన్ని కొత్త మోడళ్లలో ఆ ఆప్షన్‌కి తాళం వేసి ఉంటుంది. కానీ దాంతోనే రోజులు నెట్టొద్దు. బ్యాటరీ ఎలాగూ ఎక్కదు. పైగా ప్రాసెసర్ తన వేడిని తాను చూసుకుంటుంది గానీ, బోర్డు మీద మిగతా భాగాల నుంచి వచ్చే 'స్పీడు తగ్గించు' అనే హెచ్చరిక ఇక దానికి వినిపించదు.

సోల్డర్ పొగ

మీ మోడల్‌కి టైప్-సీ పోర్టులో ఛార్జింగ్ సౌకర్యం ఉంటే అంతకంటే గట్టి పరీక్ష ఇంకోటుంది. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఇచ్చే 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ పెట్టండి. ఎంత పవర్ ఇవ్వాలనే బేరం టైప్-సీ సొంత పిన్నుల మీద జరుగుతుంది, ఐడీ పిన్నుతో పని లేదు. దాంతో బ్యాటరీ ఎక్కితే, స్పీడు కూడా బాగుంటే బ్యాటరీ మంచిదే, ఛార్జింగ్ సర్క్యూటూ మంచిదే. తప్పు గుండ్రటి జాక్ దారిలోనే ఉందన్నమాట.

ప్రశ్న అడిగినవారు

టైప్-సీతో చక్కగా ఎక్కుతోంది! స్పీడు కూడా వచ్చింది. సూది నిటారుగానే ఉంది. అదే వాట్లున్న వేరే ఒరిజినల్ ఛార్జర్ పెట్టినా గుండ్రటి జాక్‌లో మళ్లీ అదే మెసేజ్.

సోల్డర్ పొగ

అయితే ఛార్జర్ నిర్దోషి. ఇక మిగిలింది లోపలి డీసీ జాక్, అంటే ఛార్జర్ ప్లగ్గు దూరే గుండ్రటి సాకెట్. చాలా మోడళ్లలో అది బోర్డుకి అతికి ఉండదు. పొట్టి కేబుల్‌తో వచ్చి కనెక్టర్‌తో తగులుకుంటుంది. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. మరే పనైనా దాని తర్వాతే.

జాక్ కేబుల్ ఏ గాడిలోంచి వెళ్లిందో ఫోటో తీసుకుని దాన్ని బయటికి తీసి, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో (తీగ తెగకుండా ఉంటే మోగేది) పెట్టి, జాక్ నడిమి కాంటాక్టు నుంచి అవతలి కనెక్టర్ పిన్నులు ఒక్కొక్కటీ తాకించండి. ఒకచోట బీప్ రావాలి. వస్తే, కేబుల్‌ని వంచుతూ ఇంకోసారి చూడండి. కదిలించినప్పుడు తెగి తెగి మోగినా కేబుల్ పోయినట్టే. జాక్ ప్లాస్టిక్ గోధుమరంగుకి మారినా, మెత్తబడినా బీప్‌తో సంబంధం లేకుండా మార్చేయండి.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి అడగొద్దు, ఒకే పేరు మీద రెండు మూడు రకాల కేబుళ్లు వస్తాయి. కేబుల్ స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ చెప్పండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తే పాత కేబుల్ చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి: తీగ పొడవు, కనెక్టర్ గాడి, ప్లగ్గు సైజు. 4.5 మిల్లీమీటర్లదీ 7.4 మిల్లీమీటర్లదీ ఒకదానికొకటి పట్టవు.

కేబుల్‌లో బీప్ నిక్కచ్చిగా వస్తే అప్పుడు బోర్డు. అప్పుడైనా మొత్తం మార్చనక్కర్లేదు. కనెక్టర్ పక్కనే ఐడీ లైన్ మీద రక్షణ కోసం పెట్టిన చిన్న భాగాలు షార్ట్ అయి ఉంటాయేమో చిప్ లెవెల్ పని తెలిసినవారు చూస్తారు.

ప్రశ్న అడిగినవారు

కేబుల్ వంచితే బీప్ ఆగిపోతోంది, జాక్ మెడ దగ్గర. కొత్తది బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

సోల్డర్ పొగ

మీరు తీసిన ఫోటో చూసి, పాత కేబుల్ వెళ్లిన గాడిలోంచే కొత్తదీ పోనివ్వండి. గాడి తప్పి హింజ్ (స్క్రీన్ కీలు) కిందకి పోతే స్క్రీన్ తెరిచి మూసినప్పుడల్లా నలుగుతుంది. బ్యాటరీ కనెక్టర్ ఆఖరున పెట్టండి. అడుగు మూత బిగించాక ఛార్జర్ పెట్టి, ఎఫ్2 నొక్కి బయోస్‌లో బ్యాటరీ సమాచారం పేజీ తెరవండి. అడాప్టర్ దగ్గర 65 వాట్లు అని కనిపించాలి.