మచ్చల హైనాను జాబితాలోంచి ఎందుకు కొట్టేశారు?

మల్కాజిగిరి మైనా, రాత్రి 8:12
ఈ వేదికలో మన వేసవి జాబితాలో ఎవరు ఏ జంతువును చూస్తే అది తేదీ వేసి రాసుకుంటున్నాం కదా. మే 11 రాత్రి నేను "మచ్చల హైనా, రెండు" అని రాశాను. తెల్లారేసరికి ఆ వరుస మీద గీత. పక్కన "వెబ్‌క్యామ్, చెల్లదు" అని ఉంది. ఎవరు కొట్టేశారో పేరు లేదు. ఊహించడం పెద్ద కష్టమేమీ కాదు.

నేను చూసింది పాత వీడియో కాదు. నమీబ్ ఎడారిలో ఒక నీటిగుంట దగ్గర కెమెరా పెట్టారు, పగలూ రాత్రీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. వాళ్ళ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఈ నెలలో అక్కడ పొద్దుగూకేసరికి మనకు రాత్రి 9 అవుతుంది. నేను వంటిల్లు సర్దుకుని కూర్చునే వేళకు అక్కడ జంతువులు నీళ్ళకు వస్తాయి. ఆ రోజు ఒక ఒరిక్స్, అదే పొడుగు కొమ్ముల ఎడారి జింక, తాగుతూ తాగుతూ ఆగిపోయింది. మూతి నుంచి చుక్కలు రాలుతూనే ఉన్నాయి, తల ఎత్తలేదు, చెవులు మాత్రం వెనక్కి తిరిగాయి. అర నిమిషం అంతే. తర్వాత చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి, పక్కనే ఇంకో రెండు. నేను చేతిలో గిన్నె తుడవడం కూడా ఆపేశాను. దీన్ని చూడటం అనకపోతే ఇంకేమంటారు?

వనస్థలి వాసి, రాత్రి 8:40
కొట్టేసింది నేనే. పేరు రాయడం మర్చిపోయాను, దాచుకున్నది కాదు.

జాబితా మొదటి వాక్యం చదవండి. "మనం వెళ్ళి చూసినవి" అని ఉంది. ఇంట్లో టీవీలో మ్యాచ్ చూసి ఉప్పల్ స్టేడియానికి వెళ్ళొచ్చానంటామా?

ఇంకో మాట. అసలు అది నీటిగుంటే కాదు. కెమెరా పెట్టినవాళ్ళే కృత్రిమమైనదని రాసుకున్నారు. బోరు నీళ్ళు నింపి, ఎదురుగా కెమెరా పెట్టి, జంతువులు వచ్చేదాకా కూర్చున్నారు. మా ఇంటి ముందు కుండీలో నీళ్ళు పోస్తే పిచ్చుకలు వస్తాయి. దాన్ని నేను అడవి అనడం లేదు.

ఉస్మానియా బిస్కట్, రాత్రి 8:44
సార్, ఉప్పల్‌కు నిజంగానే వెళ్ళాను, పైన చివరి వరస. మ్యాచ్ అంతా అక్కడి పెద్ద తెర మీదే చూశాను. నాది లెక్కలోకి వస్తుందా?

మల్కాజిగిరి మైనా, రాత్రి 9:05
వనస్థలి రావు గారూ, బోరు నీళ్ళయితే ఏమిటండీ? తాగే జంతువుకు ఆ పట్టింపు లేదు. మీరు ప్రతి చలికాలం ఫొటోలు పెట్టే అమీన్‌పూర్ చెరువు దేవుడు తవ్విందా? కుతుబ్‌షాహీల కాలంలో మనుషులు తవ్వించిందే. 2016లో దానికే జీవవైవిధ్య వారసత్వ స్థలం అని పేరిచ్చారు. అక్కడి కొంగలు నకిలీవా?

బుద్ధ పూర్ణిమ రాత్రి మహారాష్ట్ర తడోబా పులుల అడవిలో డబ్బు కట్టి మచాన్, అదే చెట్టు మీది మంచె, ఎక్కేవాళ్ళు ఏం చేస్తారు? మాట్లాడకుండా, కదలకుండా నీటిగుంటనే చూస్తారు. నేనూ అదే చేశాను. తేడా అల్లా దోమలు.

వనస్థలి వాసి, రాత్రి 9:21
ఆ దోమల దగ్గరే ఉంది అసలు సంగతి. హైనా వస్తే ముందు వాసన వస్తుంది. మీకు వచ్చిందా? గాలి ఎటు వీస్తోందో తెలిసిందా? వెనక పుల్ల విరిగితే తిరిగి చూశారా? కెమెరా ఎటు చూపిస్తే అటు చూశారు, అంతే.

బోరు సంగతి తేలికగా తీసేయకండి. దక్షిణాఫ్రికా క్రూగర్ జాతీయ పార్కులో జంతువుల మీద దయతో ఏళ్ళ తరబడి వందల బోర్లు వేశారు. ఉత్తరాన పొడి నేలల్లో రోన్ అనే అరుదైన జింక ఉండేది. నీళ్ళు దొరికేసరికి జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు ఆ వైపు వచ్చాయి. వాటి వెనకే సింహాలు. గడ్డీ పోయింది, చాటూ పోయింది. 1986లో 450 దాకా ఉన్న రోన్‌లు 1993కి 45 చిల్లరకు పడిపోయాయి. తర్వాత ఆ బోర్లను చాలావరకు మూసేశారు. మనం ముచ్చటపడి చూసే నీళ్ళు ఇంకో జంతువు ప్రాణం మీదికి తెస్తాయి.

కూకట్‌పల్లి బోర్‌వెల్స్, రాత్రి 9:26
ఎడారిలో నీళ్ళు ఎన్ని అడుగులకు పడ్డాయి? మా కాలనీలో 1200 వేసినా దుమ్మే. ఊరికే తెలుసుకుందామని.

మల్కాజిగిరి మైనా, రాత్రి 9:33
క్రూగర్ కథ నిజమే, కాదనను. దానికీ నా వరుస మీద గీతకూ ఏం సంబంధం? మీకు బోర్లు నచ్చకపోతే బోర్ల మీద గీత గీయండి.

రాత్రి డ్యూటీ, రాత్రి 10:02
నాది అమెరికా షిఫ్టు. తెల్లవారుజామున 3కి కాల్స్ అయ్యాక అదే కెమెరా పక్కన పెట్టుకుంటాను. చాలాసార్లు ఏమీ ఉండదు. తడి ఇసుక, గాలి చప్పుడు, ఎప్పుడైనా ఒక నక్క. సెలవు రోజైతే మధ్యాహ్నం పన్నెండున్నరకు చూడండి, అక్కడ తొమ్మిది. శాండ్‌గ్రౌజ్‌లు దిగుతాయి, పావురమంత ఉంటాయి. మగపక్షి నీళ్ళలో కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుంటుంది. ఆ నీళ్ళను ఈకల్లోనే మోసుకెళ్ళి దూరంగా ఉన్న పిల్లలకు తాగిస్తుంది. పిల్లలు ఆ ఈకలను చప్పరిస్తాయట. ఈ ముక్క తెలిశాక నాకు నిద్ర పట్టలేదు.

మన అమ్రాబాద్ పులుల అడవిలో కూడా ఇలాంటి కెమెరా ఒకటి పెడితే ఎంత బాగుంటుంది?

వనస్థలి వాసి, రాత్రి 10:10
ఆ పక్షికి దగ్గరి చుట్టం వికారాబాద్ వైపు ఎన్కతల గడ్డి మైదానంలో ఉంది. మీ గచ్చిబౌలి నుంచి గంటన్నర. మనవాళ్ళలో ఎంతమంది చూశారు? నమీబియా పక్షి ఏ వేళకు వస్తుందో నిమిషాలతో సహా తెలుసు, ఎన్కతల ఎటో తెలియదు.

అచ్చంపేటోడు, రాత్రి 10:31
అమ్రాబాద్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్న. మాది ఆ అడవి అంచునే. ఎండాకాలం అడవిలో నీళ్ళుండే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జంతువులు తాగేటందుకు కట్టిన సిమెంటు గుంటలు, అదే సాసర్ పిట్లు, సోలార్ బోర్లు, రెండు మూడు సెలయేళ్ళు. లైవ్ పెడితే ఏ గుంట దగ్గరికి ఏ వేళకు ఏది వస్తుందో ఉచ్చులు పెట్టేవాడికి కూర్చున్న చోటే తెలుస్తది.

మల్కాజిగిరి మైనా, రాత్రి 10:38
తమ్ముడూ, చోటు చెప్పకుండా, ఒక రోజు ఆలస్యంగా చూపించవచ్చు కదా?

అచ్చంపేటోడు, రాత్రి 10:52
అక్కా, మీ ఊరోళ్ళకు ఆ రాయి ఏదో, ఆ చెట్టు ఏదో తెల్వదు. మా దగ్గర పిల్లగాడు కూడా ఒక్క చూపుతో పోల్చుకుంటడు.

ఆలస్యంగా చూపిస్తే మనుషులు కెమెరాలో పడకుండా పోరు కదా. చెంచు ఆడవాళ్ళు తేనెకు, గడ్డలకు ఆ దారిలోనే పోతరు. ఎండకు ఆగి ముఖం కడుక్కునేది అక్కడే. ఉత్తరాఖండ్ కార్బెట్ పులుల అడవిలో జంతువుల కోసం పెట్టిన కెమెరాలో ఒకామె ఫొటో పడి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందట. 2024లో ఒక పరిశోధనలో బయటపడ్డది. కెమెరాలకు భయపడి అక్కడి ఆడవాళ్ళు అడవిలో పాడుకోవడం కూడా తగ్గించిన్రట. పాట వింటే ఏనుగు దూరం పోతది, అందుకు పాడుకునేవాళ్ళు. మీరు చూడాలని మేము కనబడాలా?

ఉస్మానియా బిస్కట్, రాత్రి 10:55
ఇది నేను ఆలోచించనే లేదు.

వనస్థలి వాసి, రాత్రి 11:08
చూశారా. చూడటానికి కూర్చున్నవాడికి ఇవేవీ తట్టవు.

2025 మార్చి చివర హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్ల మీద బుల్డోజర్లు దిగినప్పుడు ఈ వేదికలో రాత్రంతా ఏడుపు బొమ్మలు పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఈలోపు అక్కడికి వెళ్ళి నిలబడింది ఎవరు? విద్యార్థులు. మనం నెమళ్ళ అరుపులు ఫోన్‌లో విని పడుకున్నాం.

ఉస్మానియా బిస్కట్, రాత్రి 11:12
ఆ అరుపులు అందరూ ఫోన్‌లో వినబట్టే కదా సార్ అంత గొడవ అయింది?

వనస్థలి వాసి, రాత్రి 11:15
ఏఐతో చేసిన బొమ్మలు కూడా అలాగే తిరిగాయి. అవీ "చూశాం" అన్నారు. అందుకే వెళ్ళి చూడమంటున్నాను.

ఇక దాచడం ఎందుకు, చెప్పేస్తాను. నిరుడు మేలో అమ్రాబాద్‌లో సాసర్ పిట్లకు నీళ్ళు పోసే పనికి మనుషులు కావాలంటే ఇక్కడే 14 మంది పేర్లిచ్చారు. నేను 14 మందికి మజ్జిగ ప్యాకెట్లు, టోపీలు కొన్నాను. వచ్చింది ముగ్గురు. అందులో ఒకరికి మన్ననూరు చేరకముందే కడుపు నొప్పి. ట్యాంకర్ పైపు పట్టుకుని ఇద్దరం ఎండలో ఆరు గుంటలు నింపాం. రాత్రి సిగ్నల్ దొరికాక ఫోన్ తెరిస్తే రాని వాళ్ళలో ఐదుగురు ఆ నమీబియా కెమెరా చాట్‌లో ఉన్నారు. హైదరాబాద్ నుంచి హలో అట. మజ్జిగ ప్యాకెట్లు ఉబ్బిపోతే పారబోశాను. నాకు మీ హైనా మీద కోపం లేదు.

మల్కాజిగిరి మైనా, రాత్రి 11:31
ఆ 14లో నేనూ ఉన్నాను. ఎందుకు రాలేదో ఒక్కసారైనా అడిగారా?

బయల్దేరే ముందు రోజు సాయంత్రం మీతో ఏర్పాట్లు చూస్తున్నాయన ఫోన్ చేశారు. "రాత్రి పడక ఒకటే గది, లేడీస్ ఉంటే అందరికీ ఇబ్బంది, ఈసారికి వద్దులెండి" అన్నారు. నా సంచి అప్పటికే సర్దేసి ఉంది. మా ఆయన్ను ఒప్పించి, ఆఫీసులో సెలవు పెట్టి, కొత్త బూట్లు కొనుక్కున్నాను. అవి ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అవును, ఆ రాత్రి చాట్‌లో ఉన్నది నేనే. ఇంకేం చేయమంటారు?

వెళ్ళి చూడమని చెప్పడం వెళ్ళగలిగినవాళ్ళకు తేలిక. మచాన్ ఎక్కడానికి నన్ను రానివ్వరు. ఒక్కదాన్నీ చెరువు దగ్గర తెల్లవారుజామున కెమెరా పట్టుకుని నిలబడితే జంతువుల కంటే ముందు మనుషులు వచ్చి చుట్టూ చేరతారు. వంటింటి తెర ముందు నన్నెవరూ వద్దనలేదు. అక్కడ కూడా గీత గీశారు మీరు.

రాత్రి డ్యూటీ, రాత్రి 11:40
…

వనస్థలి వాసి, రాత్రి 11:58
ఆ ఫోన్ సంగతి నాకు తెలియదు. మీరు వెనక్కి తగ్గారనే చెప్పారు నాకు.

అడగాల్సింది. అడగలేదు.

అచ్చంపేటోడు, రాత్రి 12:06
మీ ఇద్దరి లెక్క మీరు చూసుకోండి. ఆ ట్యాంకర్ మాట నాకు వేరే గుర్తున్నది. నిరుడు అదే నెలలో మా వాడకు మూడు రోజులు నీళ్ళ బండి రాలేదు. అడవిలో గుంటలు నింపే బండి మా ముందు నుంచే పోయింది. మా అమ్మ బిందె పట్టుకుని ఎదురుపోతే ఇది జంతువులకు అన్నరు. జంతువులు తాగొద్దని నేను అంటలేను. మా అమ్మ కూడా అనలేదు. బిందె పట్టుకుని ఇంట్లకు వచ్చింది.

కూకట్‌పల్లి బోర్‌వెల్స్, రాత్రి 12:09
అన్నా, మీ ఊళ్ళో బోరు ఎన్ని అడుగులుంది? మోటారు పాడైందా, నీళ్ళే లేవా? వివరాలు ప్రైవేటుగా పంపు.

వనస్థలి వాసి, రాత్రి 12:20
ఆ బండి మాది కాకపోవచ్చు. అయి కూడా ఉండొచ్చు. డ్రైవర్ పక్కన కూర్చున్నది నేను కాదు కాబట్టి చెప్పలేను.

జాబితా విషయంలో నా మాట మారదు. వెళ్ళి చూసినవే అందులో ఉండాలి, హైనా మీద గీత అలాగే ఉంటుంది. శనివారం ఎన్కతల వెళ్తున్నాను, శాండ్‌గ్రౌజ్‌ల కోసం. కారులో మూడు సీట్లున్నాయి. తార్నాక సిగ్నల్ దగ్గర 4:30కి ఆగుతాను. రావద్దని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే నాకు చేయండి.

మల్కాజిగిరి మైనా, రాత్రి 12:27
ముందు సీటు నాది. గీత గురించి దారంతా మాట్లాడతాను, ఇప్పుడే చెప్తున్నాను.

ఉస్మానియా బిస్కట్, రాత్రి 12:29
వెనక సీటు. దయచేసి పాటలు పెట్టండి.

రాత్రి డ్యూటీ, తెల్లవారుజామున 3:14
ఎవరైనా మేలుకుని ఉన్నారా? హైనాలు మళ్ళీ వచ్చాయి, ఈసారి మూడు. ఒకటి నీళ్ళలోనే కూర్చుంది, మెడ దాకా. ఎక్కడ రాయమంటారు?