తూకం దగ్గర ఆగిపోతున్నడు, ధనియాల ప్యాకింగ్ ఎట్ల నేర్పాలె?

ప్రశ్న (హన్మకొండ, ఒక అమ్మ):
మా బాబుకు 17 ఏండ్లు, ఆటిజం. మాటలు తక్కువ గానీ చెప్పింది అర్థమైతది. ధనియాలు 100 గ్రాముల కవర్లల్ల నింపుడు నేర్పుతున్నం. కవర్ తెరుస్తడు, పోస్తడు, కాటా మీద పెడతడు, అక్కడ ఆగుతడు. "తర్వాత?" అంటెనే కదులుతడు. కాటా 101 చూపిస్తే ఒక్కో గింజ తీసుకుంట కూసుంటడు, ఆఖరికి కోపమొచ్చి లేస్తడు. కిరాణంల పనికి పంపాలని ఆశ. ఎక్కడ సరిచేయాలె?

జవాబు (స్పెషల్ ఎడ్యుకేటర్, కాజీపేట):
అమ్మా, మీ "తర్వాత?" అనే మాట ఆ పనిలో ఒక మెట్టయి కూర్చుంది. మీ గొంతు వినపడేదాకా ఆగాలనే అనుకుంటున్నాడు. మాట సాయం మాన్పించడం కష్టం, చేతి సాయం తగ్గించడం తేలిక. ఎదురుగా కూర్చోకండి, వెనక నిలబడండి, నోరు తెరవకండి. ఆగితే అయిదు సెకన్లు చూడండి. కదలకపోతే మోచేయి కొద్దిగా ముందుకు తోయండి, అప్పటికీ కాకపోతేనే మణికట్టు పట్టండి. రోజులు గడిచేకొద్దీ మీ చెయ్యి మణికట్టు నుంచి మోచేతికి, అక్కడి నుంచి భుజానికి జరగాలి. ముట్టుకుంటే పడని పిల్లాడైతే మెట్ల ఫొటోలు టేబుల్ మీద వరుసగా అతికించి, వేలితో చూపండి.

నేర్పడం చివరి మెట్టు నుంచి పెట్టుకోండి. అన్నీ మీరు చేసి, సీల్ వేసిన ప్యాకెట్‌ను డబ్బాలో వేయడం మాత్రం బాబుకు వదలండి. వరుసగా మూడు రోజులు సాయం లేకుండా వేస్తే సీలింగ్ కూడా అతనికే. అట్లా ఒక్కో మెట్టు వెనక్కి రండి. రోజూ పని పూర్తయిన దగ్గరే ముగుస్తుంది కాబట్టి నడుమ నిలిచిపోయే అలవాటు వదులుతుంది.

జవాబు (ఒకేషనల్ ఇన్‌స్ట్రక్టర్, కరీంనగర్):
మేడమ్ మాటకు తోడు, కాటా సంగతి. 100 కావాలని మనమే చెప్పాం, బాబు ఆ మాట తప్పట్లేదు. దాన్ని మొండితనం అనకండి. అంకెలు పక్కన పెట్టండి. పల్చటి ప్లాస్టిక్ గ్లాసులో 100 గ్రాముల ధనియాలు తూచి పోసి, గింజలు ఆగిన చోట గీత పెట్టి అక్కడికి కోసేయండి. నిండా ముంచి పైన స్కేలుతో గీస్తే ఒక ప్యాకెట్. గింజ సైజు మారితే బరువు మారుతుంది, కొత్త బస్తా విప్పినప్పుడల్లా గ్లాసు సరిచూడాలి. అమ్మే ప్యాకెట్లు చివరికి మీరే కాటా వేయండి.

ఎడమ ట్రేలో పది ఖాళీ కవర్లు పెట్టండి. ట్రే ఖాళీ అయితే పని అయినట్టు. ఎంత మిగిలిందో కళ్లకు కనపడితే మధ్యలో లేవడం తగ్గుతుంది. సీలింగ్ మిషన్ లైటు ఆరాక కూడా రెండు సెకన్లు ఒత్తి ఉంచాలి, వేడి మీద లేపితే అతుకు సాగి విడిపోతుంది.

చెయ్యి తిరిగాక ఆ పదింటిలో చిరిగిన కవర్ ఒకటి కావాలనే కలపండి. "కవర్ చిరిగింది" అనే కార్డు తీసి ఇవ్వడం నేర్పండి. దుకాణంలో ఇట్లాంటి పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే: ఏదైనా తేడా వస్తే ఎవరికి చెప్పాలో తెలియదు.

జవాబు (వరంగల్):
అక్కా, ఇంకొక మాట. బాబుకు 18 నిండితే చట్టం లెక్కల పెద్దోడు. ఆటిజం లాంటి వైకల్యం ఉన్నోళ్ల కోసం తెచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకత్వానికి (బాబు తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కుకు) దరఖాస్తు జిల్లా స్థాయి కమిటీకి పెట్టుకోవాలె, అండ్ల కలెక్టర్ ఉంటరు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకుంటే ముందు అది చేయించండి.

ప్రశ్న (అదే అమ్మ):
అందరికి థాంక్స్. ఎనుమాముల మిర్చి మార్కెట్ మాకు దగ్గరే, కారం పొడి ప్యాకింగ్ గూడ పెట్టొచ్చా సార్?

జవాబు (ఒకేషనల్ ఇన్‌స్ట్రక్టర్, కరీంనగర్):
ఇప్పుడే వద్దమ్మా. పొడి గాలిలో లేస్తుంది, కళ్లు మండితే చెప్పలేక అదే చేత్తో రుద్దుకుంటాడు. ధనియాలు కుదిరాక మినప్పప్పు, పల్లీల లాంటివి పెట్టండి. వాటికి గ్లాసు వేరే కోసుకోవాలి, ధనియాల గ్లాసు పనికిరాదు.